పిల్లలతో సముద్రపు ఒడ్డున గంటసేపటి అక్వేరియం

అక్వేరియం అనగానే మద్రాసుకో విశాఖకో బండెక్కాలనుకుంటాం. నెల్లూరు వాళ్లకు మైపాడు, ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం గంటలోపు ప్రయాణం. పారదర్శకంగా ఉండే ఒక ప్లాస్టిక్ పెట్టె, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు, మంచి నీడ సమకూర్చుకుంటే చాలు, సముద్రంలోని చిన్న జీవులను పిల్లలు జానెడు దూరం నుంచి చూడొచ్చు. గంట తర్వాత వాటిని పట్టిన చోటే వదిలేస్తాం. ఒక్క ప్రాణమూ పోకుండా ఇది చేయొచ్చు, అలాగే చేయాలి. ఇలాంటి తొట్లలో చచ్చేవాటిలో ఎక్కువ భాగం నీళ్లు వేడెక్కో, గాలి చాలకో చచ్చేవే. అందుకే కింద చెప్పేదాంట్లో సగానికి సగం నీళ్ల గురించే.

ఏ నెల, ఏ పూట

జనవరి నుంచి మార్చి నెలాఖరు దాకా మన తీరంలో మంచి కాలం. వానలు వెనకపడి నీళ్లు తేరుకుంటాయి, ఎండ ఇంకా ముదరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోవద్దు. కార్తీక పౌర్ణమి స్నానాలకు ఒడ్డంతా జనమే గానీ, అల్పపీడనాలూ తుఫాన్లూ వచ్చేది కూడా అప్పుడే. పైగా పెన్నలోంచి, కాలువల్లోంచి దిగే వాన నీటితో ఒడ్డు దగ్గర ఉప్పదనం పడిపోతుంది, నీళ్లు మట్టి రంగులో ఉంటాయి, తొట్టిలో ఏమీ కనబడదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటితే ఇసుక మీద కాలు పెట్టలేం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం కాబట్టి వలల దగ్గర చూడటానికి కూడా తక్కువే ఉంటుంది.

సూర్యోదయానికి ఒడ్డున ఉండేలా బయల్దేరండి, తొమ్మిదిన్నరకల్లా ముగించండి. రాత్రంతా గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి తెల్లవారుజామున అలలు సాధారణంగా చిన్నవిగా ఉంటాయి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి అలలు పెరుగుతాయి, ఇసుక కలిసి నీళ్లు మసకబారతాయి.

పోటు, ఆటు చూసుకోవాలి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. ఇవాళ ఏడింటికి ఆటు అయితే రేపు దాదాపు ఎనిమిదింటికి, అంటే రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మన తీరంలో పౌర్ణమికి, అమావాస్యకు కూడా పోటుకూ ఆటుకూ తేడా మీటరుకు కాస్త అటూ ఇటూనే. అయినా నీళ్లు దిగుతున్నప్పుడు వెళ్తే తడి ఇసుక వెడల్పుగా దొరుకుతుంది, పిల్లలకు భద్రం. బయల్దేరే ముందు రోజు హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ వాళ్లు ఇచ్చే సముద్ర స్థితి సమాచారం తప్పకుండా చూడండి. ఎత్తయిన అలల హెచ్చరిక ఉంటే, ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా ప్రయాణం మానుకోండి. ఎక్కడో దూరపు సముద్రంలో పుట్టిన ఉబ్బు అలలు ఇక్కడ గాలి లేకపోయినా ఒడ్డెక్కుతాయి.

ఏం సర్దుకోవాలి

ముఖ్యమైనది పెట్టె. బట్టలు, బొమ్మలు దాచుకునే మూతపెట్టె, పారదర్శకంగా, 25 లీటర్లది తీసుకోండి. లోతు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే నీళ్లలోకి గాలి చేరేది పైతలం నుంచే. గాజు తొట్టి వద్దు. ఇసుకలో గాజు పెంకు పడితే మళ్లీ దొరకదు, అక్కడ అందరూ నడిచేది ఉత్త కాళ్లతోనే. కొత్త పెట్టెను ఇంట్లోనే మంచినీళ్లతో కడిగి ఎండబెట్టండి. సబ్బు, గిన్నెలు తోమే పొడి తగలనివ్వొద్దు, వాటి మిగులు కొంచెమున్నా చేపల మొప్పల పైపొర దెబ్బతింటుంది.

గాలి పంపు అక్వేరియం సామాన్ల కొట్లలో దొరుకుతుంది. పెద్ద సెల్లులతో నడిచేదైనా, పవర్ బ్యాంకుకు తగిలించేదైనా సరే. దాంతో పాటు మీటరు గొట్టం, దాని చివరన పెట్టే, గాలిని సన్నటి బుడగలుగా వదిలే గాలి రాయి. పంపును ఎప్పుడూ నీటి మట్టం కంటే ఎత్తున, ఒక స్టూలు మీదో తిరగేసిన బకెట్ మీదో పెట్టండి. కింద పెడితే పంపు ఆగిన మరుక్షణం గొట్టంలోంచి ఉప్పునీళ్లు వెనక్కి పాకి మోటారు పాడవుతుంది.

ఇంకా కావాల్సినవి: పది లీటర్ల బకెట్లు రెండు, ఒక తెల్ల బేసిను, పారదర్శకమైన మగ్గు, మెత్తటి సన్న వల, అక్వేరియం థర్మామీటరు, భూతద్దం, నీళ్లు వడకట్టడానికి పాత పంచె ముక్క, పెట్టె కింద పరచడానికి థర్మాకోల్ షీటు, వెనక నిలబెట్టడానికి నల్ల గుడ్డ. పెద్ద గొడుగు రెండు ఉంటే ఒకటి మనుషులకు, ఒకటి పెట్టెకు. ప్రథమ చికిత్సకు ఫ్లాస్కు నిండా వేడినీళ్లు, పట్టకారు. ఇవి ఎందుకో తర్వాత వస్తుంది.

తిండికి చింతపండు పులిహోర మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. పెరుగన్నం కావాలంటే తెల్లవారుజామున గోరువెచ్చని పాలలో అన్నం కలిపి చెంచాడు పెరుగు తోడేసి తీసుకెళ్లండి, పదింటికి పులవకుండా కమ్మగా ఉంటుంది. తాగే నీళ్లు తలకు రెండు లీటర్లు, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వేరే క్యాను.

దిగే ముందు పెద్దవాళ్లు చేసుకోవాల్సిన ఏర్పాటు

మైపాడులో గానీ కొత్తపట్నంలో గానీ అడుగు ఉన్నట్టుండి లోతవుతుంది, అలల లాగుడు గట్టిగా ఉంటుంది. ఒక పెద్దమనిషిని పూర్తిగా పిల్లల మీద కన్నేసి ఉంచే పనికే పెట్టండి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, వల ఉండకూడదు. పిల్లలకు హద్దు మోకాలు, అది కూడా పెద్దవాళ్ల చెయ్యి అందేంత దూరంలో. అలలు వరసగా విరుగుతున్న చోట మధ్యలో ఒక సందు మాత్రం నిశ్శబ్దంగా, ముదురు రంగులో, నురగ లోపలికి పోతూ కనిపిస్తే అక్కడికి అసలు పోవద్దు. నీళ్లు సముద్రంలోకి లాగేది ఆ దారినే. చూడటానికి అదే శాంతంగా ఉంటుంది కాబట్టి తెలియనివాళ్లు అక్కడే దిగుతారు. ఒకవేళ లాగేస్తే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి.

తొట్టి నింపడం

అలల తడి ఎక్కడిదాకా వస్తోందో చూసి, దానికి ఐదారు మీటర్లు పైన చదునైన చోటు ఎంచుకోండి. ముందు థర్మాకోల్, దాని మీద పెట్టె. ఇసుక వేడి కింద నుంచి ఎక్కకుండా అది అడ్డుకుంటుంది. తూర్పు నుంచి వచ్చే ఎండ పడకుండా గొడుగు వంచి పాతండి. వెనక నల్ల గుడ్డ పెడితే గాజులా ఉండే రొయ్య పిల్లలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

పెట్టెను నీళ్ల దగ్గరికి తీసుకుపోయి నింపుకుని మోసుకురావొద్దు. పదిహేను లీటర్లు పదిహేను కిలోల పైమాటే, ప్లాస్టిక్ పక్కలు వంగి పగులుతాయి. బకెట్లతో మోసి పోయండి. మొదటి బకెట్ నీళ్లతో పెట్టెను, వలను, మగ్గును రెండుసార్లు తొలిచి పారబోయండి. తర్వాత పంచె ముక్కను నాలుగు మడతలు వేసి దాంట్లోంచి వడకడుతూ పది సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపండి. 25 లీటర్ల పెట్టెలో అది సుమారు పదిహేను లీటర్లు. అంతకు మించి వద్దు, లోతు పెరిగితే అడుగుకు గాలి అందదు.

అడుగున రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక కావాలి, దూరే జీవులకు అదే ఇల్లు. తడి అంచు నుంచి తీసిన ఇసుకను వేరే బకెట్లో సముద్రపు నీళ్లతో మూడుసార్లు కలిపి, పైకి తేలిన మసక పారబోసి, అప్పుడు పెట్టెలో పరచండి. ఈ కడుగుడు మానేస్తే అరగంట దాకా పెట్టెలో పాలనీళ్లే కనిపిస్తాయి. పంపు ఆన్ చేసి పావుగంట ఆగండి, నీళ్లు తేరుకుంటాయి. ఈలోగా థర్మామీటరు సముద్రంలో పెట్టి వేడి ఎంతో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ రోజంతా మీకు కొలమానం ఆ అంకే.

పంపు ఎందుకంటే, 30 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీళ్లలో పట్టే ఆక్సిజన్ సుమారు 6 మిల్లీగ్రాములు మాత్రమే. అదే వేడిలో మంచినీళ్లలో అయితే ఏడున్నర దాకా పడుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఇది ఇంకా తగ్గుతుంది, చేపకు మాత్రం అవసరం పెరుగుతుంది. రెండూ ఎదురెదురుగా నడుస్తాయి కాబట్టే ఎండలో పెట్టిన తొట్టిలో చేప చూస్తుండగానే పోతుంది.

నీళ్లు తక్కువయ్యాయని మంచినీళ్లు కలపడం, ఇంటి నుంచి ఉప్పు తెచ్చి కలపడం రెండూ తప్పే. వంటింటి ఉప్పు ఒక్క సోడియం క్లోరైడు. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం కూడా కలిసి ఉంటాయి. ఏ జీవిని ఎక్కడ పట్టారో అక్కడి నీళ్లే పోయాలి. కాలువ మూతి దగ్గర పట్టినదాన్ని సముద్రపు నీళ్లలో వేస్తే ఉప్పు తేడాకే తల్లడిల్లిపోతుంది. రొయ్యల చెరువుల నుంచి నీళ్లు వదిలే కాలువ దగ్గర మాత్రం నీళ్లూ తీసుకోవద్దు, జీవులనూ పట్టొద్దు.

ఎక్కడ వెతకాలి

మనది ఇసుక తీరం. రాళ్ల మధ్య నీటి మడుగులు ఇక్కడ ఉండవు. మన జీవులు ఇసుకలోపల దాక్కుంటాయి, కాబట్టి వెతికే పద్ధతి వేరు.

అల వెనక్కి పోతున్నప్పుడు పలచటి నీటి పొర మీద చిన్న చిన్న గీతలు, ఏటవాలు నామం ఆకారంలో, ఒక్క క్షణం కనిపిస్తాయి. ఆ గీతల కింద గుడ్డు ఆకారపు ఇసుక పీతలు ఉంటాయి. ఒళ్లంతా ఇసుకలో దాచి, ఈకల్లాంటి మీసాలు మాత్రం పైకి చాచి, వెనక్కి పోయే నీళ్లలోంచి తిండి వడగట్టుకుంటాయి. గీత కనిపించిన చోట రెండు దోసిళ్లతో మణికట్టు లోతు ఇసుక ఎత్తి వలలో పోసి, అల నీళ్లలో జాడించండి. ఇసుక జారిపోయి పీత మిగులుతుంది. కడుపు కింద నారింజ రంగు గుడ్ల ముద్ద ఉంటే చూసి వెంటనే వదిలేయండి.

అదే అంచులో వేలిగోరంత, మూడు మూలలుగా ఉండే ఆల్చిప్పలు దొరుకుతాయి. శంఖపు చిప్పల్లో కాపురముండే ఎండ్రకాయలు కాలువ మూతుల దగ్గర, వలలు దులిపే చోట ఎక్కువ. చిప్ప పట్టుకుని లోపలి జీవిని లాగొద్దు. దాని మెత్తటి వెనక భాగం చిప్పకు చుట్టుకుని ఉంటుంది, లాగితే తెగుతుంది గానీ బయటికి రాదు.

అలివి వల, అంటే ఒడ్డు మీద నిలబడి తాళ్లతో లాగే పెద్ద వల, లాగుతున్న జాలరి పాళెం వాళ్లు కనిపిస్తే అది ఆ రోజుకు పెద్ద అదృష్టం. కానీ అది వాళ్ల బతుకుతెరువు. వల పూర్తిగా ఒడ్డుకొచ్చి, చేపలు ఏరుకోవడం అయ్యేదాకా తాడుకు దూరంగా నిలబడండి. తర్వాత వాళ్లలో పెద్దాయన దగ్గరకెళ్లి, ‘అన్నా, మీరు వదిలేసే చిన్నవి ఒకటి రెండు పిల్లలకు చూపించి మళ్లీ నీళ్లలో వేస్తాం, తీసుకోమంటారా?’ అని అడగండి. ఏది కుడుతుందో, ఏది కరుస్తుందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వాళ్లు వద్దన్నదాన్ని ముట్టుకోవద్దు. అక్కడే చేపలు కొనుక్కుంటే వాళ్లకూ బాగుంటుంది.

వలలో కవ్వళ్లు, నెత్తళ్లు ఎంత ముచ్చటగా మెరిసినా తొట్టిలోకి తీసుకోవద్దు. ఆగకుండా ఈదుతూ ఉంటేనే వాటి మొప్పల్లోకి సరిపడా నీళ్లు పోతాయి. చెయ్యి తగిలితే పొలుసు రాలిపోతుంది. పెట్టెలో ఐదు నిమిషాలు కూడా నిలవవు. కింద కూర్చునే రకాలు, అంటే నాలుకలా బల్లపరుపుగా ఉండే చేప పిల్లలు, అడుగున కదలకుండా ఉండే చిన్న బురద చేపలు, నిభాయించుకుంటాయి.

ఎన్ని, ఎలా పట్టుకోవాలి

పదిహేను లీటర్లకు ఒక విడత ఆరు ఆల్చిప్పలు, రెండు ఇసుక పీతలు. లేదా చిప్ప ఎండ్రకాయలు మూడు. లేదా వేలెడు కంటే చిన్న చేపలు రెండు. ఈ మూడింటిలో ఏదో ఒకటే. అన్నీ ఒకేసారి చూడాలని పిల్లలు పట్టుబడతారు. ఒక విడత చూసి, వదిలేసి, నీళ్లు మార్చి రెండో విడత పెట్టండి. ఎండ్రకాయనూ చేపనూ కలిపితే చేప తోక మిగలదు. పెద్ద ఎండ్రకాయలు రెండింటిని ఒకే పెట్టెలో వేస్తే కొట్టుకుని కాళ్లు పోగొట్టుకుంటాయి.

చేపను వలతో గాలిలోకి ఎత్తకుండా మగ్గు ముంచి నీళ్లతో సహా తీయండి. దాని ఒంటి మీది జిగురే దానికి రక్షణ, పొడి చేత్తో పట్టుకుంటే ఊడిపోతుంది. సన్‌స్క్రీన్, దోమల మందు రాసుకున్న చేతులు పెట్టెలో పెట్టకూడదు, ముందు సముద్రపు నీళ్లతో బాగా రుద్ది కడుక్కోవాలి. ఎండ్రకాయను కాలు పట్టుకుని ఎత్తితే ఆ కాలు వదిలేసి పారిపోతుంది. డొప్పకు రెండు పక్కలా, వెనక నుంచి పట్టుకోవాలి, ఇది పెద్దవాళ్ల పని. వేలు పట్టేసుకుంటే గుంజొద్దు, చెయ్యి నీళ్లలో ముంచి కదలకుండా ఉంచండి, అదే వదులుతుంది.

చూడటం

ఇక్కడ తొందర పనికిరాదు. చిప్ప ఎండ్రకాయను ఇసుక మీద పెట్టి ఎవరూ పెట్టెను తట్టకుండా ఐదు నిమిషాలు ఆగమనండి. ముందు తలుపులా అడ్డం పెట్టిన పెద్ద కొండి కాస్త పక్కకు జరుగుతుంది. తర్వాత మీసం ఒకటి, కాడ మీది కన్ను ఒకటి బయటికొస్తాయి. నీడ కదిలితే మళ్లీ లోపలికే. అది నడవడం మొదలుపెట్టాక కాళ్లు లెక్కపెట్టమనండి. కొండీలు రెండు, నడిచే కాళ్లు నాలుగు కనబడతాయి. మిగతా నాలుగు ఏవని అడగండి. అవి పొట్టివి, లోపల చిప్పను పట్టుకుని ఉంటాయి. పెట్టెలో ఖాళీ చిప్ప ఒకటి రెండు వేసి చూడండి. ఒక్కోసారి అది కొత్త చిప్ప దగ్గరికొచ్చి మూతి అంచునంతా కొండితో తడిమి, కొలతలు చూసుకుని, చటుక్కున మారిపోతుంది. ఒడ్డున గవ్వలు, చిప్పలు సంచి నిండా ఏరుకుపోవద్దనేది ఇందుకే. మనకు అలంకారం, దానికి ఇల్లు.

ఆల్చిప్పను ఇసుక మీద పడుకోబెట్టి పిల్లలను అంకెలు లెక్కపెట్టమనండి. చిప్ప సందులోంచి తెల్లటి నాలుకలాంటి పాదం ఇసుకలోకి దిగి, చివర ఉబ్బి పట్టు దొరికించుకుంటుంది. ఒక్క కుదుపుతో చిప్ప నిటారుగా లేస్తుంది. రెండు మూడు కుదుపుల్లో మాయం. తర్వాత ఇసుక పైన రెండు సన్నటి గొట్టాల చివర్లు మిగులుతాయి. ఒకటి నీళ్లు పీల్చేది, ఒకటి వదిలేది. భూతద్దం పనికొచ్చేది ఇక్కడే.

బల్లపరుపు చేప దొరికితే దాని రెండు కళ్లూ ఒకే పక్క ఉండటం చూపించండి. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే చెరో పక్క ఉంటాయి, ఎదిగేటప్పుడు ఒకటి ఇటు జరుగుతుంది. ఇసుక మీద వదిలితే రెక్కల అంచులతో ఇసుక ఎగజల్లుకుని ఒళ్లు కప్పుకుంటుంది, కళ్లు మాత్రమే మిగులుతాయి.

చేప ఏదైనా, పెట్టెలో వేసి స్థిమితపడ్డాక మొప్ప మూత పదిహేను సెకన్లలో ఎన్నిసార్లు తెరుచుకుంటుందో పిల్లలతో లెక్కపెట్టించి రాయించండి. పది నిమిషాలకొకసారి మళ్లీ లెక్కించాలి. సంఖ్య పెరుగుతుంటే నీళ్లు పాడవుతున్నట్టు. ఆట లాంటిదే గానీ, మీ దగ్గరున్న అన్ని పరికరాల కంటే ముందు చెప్పేది ఇదే.

ఇసుకలో బొరియలు చేసుకునే, కళ్లు కాడల మీద నిలబెట్టుకుని పరుగెత్తే ఎండ్రకాయలను తొట్టిలో వేయొద్దు. తడి మొప్పలతో గాలి పీల్చే జీవులవి, నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే ఊపిరాడదు. బొరియకు మూడు మీటర్ల దూరంలో కింద కూర్చుని, కదలకుండా పది నిమిషాలు చూడండి. బొరియ చుట్టూ ఉన్న చిన్న ఇసుక ఉండలు అది తిండి వడగట్టుకుని ఉమ్మేసినవి. ఆ ఉండ చేయడం కళ్లారా చూడొచ్చు. బొరియ తవ్వొద్దు.

జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. నీళ్ల నుంచి పైకి, మళ్లీ నీళ్లకు వెళ్లిన వెడల్పాటి జాడ ఇసుకలో కనిపిస్తే దాని చివర తవ్వకుండా, తొక్కకుండా తిరిగి రండి. పిల్ల తాబేలు దొరికినా తొట్టిలో వేయకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తాబేళ్లను, సముద్ర గుర్రాలను పట్టుకోవడం, దగ్గర ఉంచుకోవడం నేరం. అటవీ శాఖకు ఫోను చేయండి.

ముట్టుకోకూడనివి, ముట్టుకుంటే చేయాల్సినవి

పిల్లలకు ముందే చెప్పాల్సిన మాట: నీలిరంగు బుడగ, జెల్లీ ముద్ద, పాము లాంటిది, శంకువు ఆకారపు గవ్వ, వీటిని చూస్తే చెయ్యి వెనక్కి, పెద్దవాళ్లకు కేక. నీలి బుడగకు వేలాడే దారాలు ఒడ్డున చచ్చిపడి ఉన్నా కుడతాయి. సముద్రపు పాము తోక తెడ్డులా ఉంటుంది. ఇసుక మీద మందకొడిగా ఉందని కర్రతో కదిలించొద్దు, విషం తీవ్రమైనది. శంకు గవ్వలో జీవి ఉంటే ముల్లు లాంటి పన్నుతో పొడుస్తుంది.

జెల్లీ కుడితే ఆ చోటును సముద్రపు నీళ్లతోనే కడగండి. మంచినీళ్లు పోసినా, ఇసుకతో రుద్దినా చర్మం మీద మిగిలిన విషపు తిత్తులు కూడా పేలి మంట రెట్టింపవుతుంది. దారాలను పట్టకారుతో మెల్లగా తీసేయండి, గీకొద్దు. జెల్ల చేప ముల్లు గానీ టేకు చేప తోక ముల్లు గానీ గుచ్చుకుంటే ఫ్లాస్కులోని వేడినీళ్లలో మామూలు నీళ్లు కలిపి, సుమారు 45 డిగ్రీలకు మించకుండా, పెద్దవాళ్లు ముందు తమ చెయ్యి పెట్టి చూసుకుని, గాయమైన కాలో చెయ్యో అరగంటకు పైగా ముంచి ఉంచాలి. ఈ విషం వేడికి చెడుతుంది, నొప్పి తగ్గుతుంది. ముల్లు ముక్క లోతుగా విరిగి ఉంటే లాగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాము కాటు, శంకు గవ్వ పోటు, లేదా ఏది కుట్టినా ఊపిరి ఇబ్బంది, వాంతులు, ఒళ్లంతా చెమటలు ఉంటే వెంటనే 108. కాటు దగ్గర కోయడం, నోటితో పీల్చడం చేయొద్దు, మనిషిని కదలకుండా పడుకోబెట్టండి.

వలలో పఫర్ చేప కనిపిస్తే ఉబ్బించి చూపించమని అడగకండి. ఉబ్బడం దానికి ప్రాణభయంతో చేసే పని. దాని విషం వండినా పోదు, ఎవరిచ్చినా వండుకోవద్దు.

నీళ్లు పాడవుతున్నాయని ఎలా తెలుస్తుంది

మొప్పల లెక్క పెరగడం మొదటి గుర్తు. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే గాలి చాలడం లేదు, పంపు చూడండి. రాయి ఇసుకలో కూరుకుపోయి ఉంటుంది లేదా సెల్లు అయిపోయి ఉంటుంది. పంపు బాగుపడేదాకా మగ్గుతో నీళ్లు ఎత్తి జానెడు పై నుంచి పోస్తూ ఉండండి. థర్మామీటరు ఉదయం రాసుకున్న అంకె కంటే రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే సగం నీళ్లు మార్చండి. ఏమీ కాకపోయినా అరగంటకొకసారి సగం మార్చాల్సిందే. ఐసు ముక్కలు వేయొద్దు, అది మంచినీళ్లే కదా, పైగా ఒక్కసారిగా చల్లబడితే జీవికి దెబ్బ. ఆల్చిప్ప నోరు తెరిచి, తాకినా మూసుకోకపోతే అది పోయినట్టే. వెంటనే తీసేసి నీళ్లన్నీ మార్చండి, కుళ్లితే మిగతావీ పోతాయి. పిల్లలు బిస్కెట్ ముక్కలు, అన్నం మెతుకులు వేయకుండా చూడండి. గంటలో ఏ జీవీ ఆకలితో చావదు, మురిగిన నీళ్లకు చస్తుంది.

వదిలేయడం

ఒక్కో జీవికి గంట చాలు. ఆల్చిప్పలను, ఇసుక పీతలను అల తడిపే ఇసుక మీద పెడితే అవే దూరిపోతాయి, అది చూడటం పిల్లలకు పట్టడం కంటే ఇష్టంగా ఉంటుంది. చేపను మగ్గులో పెద్దవాళ్లు మోకాలి లోతుకు తీసుకెళ్లి, రెండు అలల మధ్య మగ్గు ముంచి వంచాలి. ఒడ్డు నుంచి విసిరితే నీళ్ల మీద పడే దెబ్బకే స్పృహ తప్పుతుంది, కాకులు ఎత్తుకుపోతాయి. చిప్ప ఎండ్రకాయలను ఏ చోట ఏరారో అక్కడే, తడి ఉన్న నీడ పట్టున వదలండి.

ఒకటి ఇంటికి తీసుకెళ్దామని ఎవరో ఒకరు ఏడుస్తారు. కారణం చెప్పండి. చేప వదిలే అమ్మోనియా దానికే విషం. దాన్ని తినేసే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సీసాలో తెచ్చిన సముద్రపు చేపకు అంత గడువు లేదు. ఇంట్లో పెంచే రంగు చేపలను సముద్రంలోనో కాలువలోనో వదలడం కూడా అంతే తప్పు.

బయల్దేరే ముందు పెట్టె, గొట్టం, గాలి రాయి మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. పంపులోంచి సెల్లులు తీసి, తగులుడు రేకులను పొడి గుడ్డతో తుడవండి. ఉప్పు తేమ వారంలో వాటిని తుప్పు పట్టిస్తుంది, మళ్లీసారి ఒడ్డుకెళ్లాకే ఆ సంగతి బయటపడుతుంది.